మేఘబిందువు ఇంత తొందరగా చినుకు ఎలా అవుతుంది?

విభాగం: వాతావరణ శాస్త్రం › మేఘాలు, వర్షపాతం

1. మసకవెన్నెల

అందరికీ నమస్కారం. మేఘ భౌతికశాస్త్రాన్ని కొత్తగా చదువుకుంటున్నాను. పాఠంలో ఇచ్చిన సమీకరణాన్ని కాగితం మీద సొంతంగా వేసి చూసుకుంటే వచ్చిన జవాబు మింగుడు పడడం లేదు. ఎక్కడ పొరబడ్డానో పెద్దలు చెప్పగలరని ఆ లెక్కను ఇక్కడ ఉంచుతున్నాను.

నీటి ఆవిరి ఒక ధూళి కణం మీద చేరి బిందువుగా మారిన తరువాత, సాంద్రీకరణం వల్ల ఆ బిందువు పెరిగే క్రమంలో దాని వ్యాసార్థపు వర్గం కాలానికి అనులోమంగా పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్, అతిసంతృప్తత (గాలి పట్టి ఉంచగలదానికి మించి ఉన్న ఆవిరి) 0.5 శాతం అనుకుంటే, మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చెప్పిన వ్యాసార్థపు వర్గం సెకన్లలో చెప్పిన కాలానికి దాదాపు సమానమవుతుంది. (లెక్క సులువవుతుందనే ఈ విలువలను ఎంచుకున్నానని ఒప్పుకుంటున్నాను.) ఆ ప్రకారం బిందువు 10 మైక్రాన్లకు చేరడానికి 100 సెకన్లు, 20 మైక్రాన్లకు 400 సెకన్లు, 100 మైక్రాన్లకు 10,000 సెకన్లు, అంటే మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం గల చినుకు తయారు కావాలంటే పది లక్షల సెకన్లు, అంటే పదకొండున్నర రోజులు కావాలి. నీటి ఆవిరి గాలిలో ఉండే సగటు కాలమే ఎనిమిది తొమ్మిది రోజులని అదే పుస్తకంలోని మరో అధ్యాయం చెబుతోంది. తెల్లగా గుట్టలా లేచిన మబ్బు అరగంట తిరగకముందే జల్లు కురిపించడం మనందరం చూసిందే. తప్పు నా లెక్కలో ఉందా, నా అవగాహనలో ఉందా?

2. తూనికరాయి

మసకవెన్నెల గారూ, మీ లెక్కలో తప్పేమీ లేదు. పైగా మీరు మేఘానికి చాలా ఉదారంగా అతిసంతృప్తతను ఇచ్చారు. నిజమైన మేఘంలో బిందువులన్నీ ఒకే ఆవిరి కోసం పోటీపడతాయి కనుక, 0.5 శాతం అతిసంతృప్తత అంతసేపు నిలిచే అవకాశమే లేదు.

దీన్ని మరో వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. ఘనపు మీటరు మేఘంలో ఒక గ్రాము ద్రవజలం ఉందనుకోండి. కాస్త బలమైన క్యుములస్ (గుట్టలా పైకి పెరిగే) మేఘానికి ఇది సహజమైన విలువే. స్వచ్ఛమైన సముద్రపు గాలిలో ఘనపు సెంటీమీటరుకు సుమారు 100 బిందువులు ఉంటాయి. ఆ గ్రామును వాటికి సమానంగా పంచితే ఒక్కోదాని వ్యాసార్థం 13.4 మైక్రాన్లు వస్తుంది. పొగ, ధూళి బాగా ఉన్న గాలిలో 1,000 బిందువులు ఉంటే, అదే నీరు పంచుకున్న ఒక్కో బిందువు 6.2 మైక్రాన్లకే పరిమితమవుతుంది. ఉన్న నీరంతా పంచేశాక కూడా బిందువుల పరిమాణం ఇంతే. 10 మైక్రాన్ల బిందువు నిశ్చలమైన గాలిలో సెకనుకు దాదాపు ఒక సెంటీమీటరు వేగంతో కిందికి దిగుతుంది. మేఘం లోపల పైకి లేచే గాలి ముందు ఆ వేగం ఏ మూలకూ రాదు.

అందువల్ల సాంద్రీకరణం మేఘాన్ని తయారు చేయగలదు గాని, వానను తయారు చేయలేదు. పది మైక్రాన్ల బిందువులు పది లక్షలు కలిస్తే ఒక మిల్లీమీటరు వ్యాసార్థం గల ఒక్క చినుకు అవుతుంది. కనుక వానకు దారి బిందువులు ఒకదానినొకటి ఢీకొని కలిసిపోవడం. పెద్ద బిందువు వేగంగా పడుతూ తన దారిలో ఉన్న చిన్నవాటిని కలుపుకొంటుంది. కలుపుకొన్న కొద్దీ పెద్దదవుతుంది, పెద్దదైన కొద్దీ మరింత వేగంగా పడుతూ ఇంకా ఎక్కువ బిందువులను కలుపుకొంటుంది.

3. మసకవెన్నెల

కృతజ్ఞతలు, తూనికరాయి గారూ. కలిసిపోవడం గురించి నేనూ చదివాను, నా అసలు చిక్కు అక్కడే మొదలైంది. బాగా చిన్న బిందువులు ఒకదానినొకటి ఢీకొనవని, పెద్దదాని చుట్టూ వంపు తిరిగే గాలితోపాటే చిన్నది పక్కకు తప్పుకుంటుందని, ఈ ప్రక్రియ ఊపందుకోవాలంటే కనీసం కొన్ని బిందువులైనా 20 మైక్రాన్ల వ్యాసార్థం దాటి ఉండాలని అక్కడ రాశారు. సాంద్రీకరణం 13 మైక్రాన్ల దగ్గర ఆగిపోతే, ఢీకొనడం 20 దాటితేగాని మొదలు కాకపోతే, మధ్యనున్న ఖాళీని బిందువు ఎలా దాటుతుంది?

4. తూనికరాయి

మీరు వేలు పెట్టిన చోటే మేఘ భౌతికశాస్త్రం దశాబ్దాలుగా తల పట్టుకుంటోంది. సుమారు 15 నుంచి 40 మైక్రాన్ల వ్యాసార్థం వరకు ఉన్న ఈ మధ్య ప్రాంతంలో సాంద్రీకరణం చాలా నెమ్మదిగా, ఢీకొనడం చాలా అరుదుగా జరుగుతాయి. దీనికి జవాబులు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. ఏది ఏ మేఘంలో ఎంత ముఖ్యమన్న దగ్గరే పరిశోధకుల మధ్య వాదం నడుస్తోంది.

మనం వేసే లెక్కలన్నీ సగటు బిందువుకు చెందినవన్న సంగతి మొదట గుర్తు పెట్టుకోవాలి. ఆ సగటు బిందువు ఎన్నటికీ చినుకు కాదు, అది మేఘంలోనే పుట్టి మేఘంలోనే ఆవిరైపోతుంది. చినుకు కావడానికి లక్షకో పది లక్షలకో ఒక్క బిందువు ముందుకు పోతే చాలు, మిగిలినవన్నీ దానికి మేతగా మారతాయి. 1955లో టెల్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని గణితంలో పెట్టాడు. ఢీకొనడం నిరంతరంగా సాగే ప్రవాహం కాదని, ఒక్కొక్కటిగా యాదృచ్ఛికంగా జరిగే సంఘటనల వరుస అని, అందుచేత మొదటి కొన్ని ఢీలు తొందరగా తగిలిన కొద్దిపాటి బిందువులు మిగతావాటిని ఎంతో వెనుక వదిలేస్తాయని చూపాడు. 2005లో కోస్టిన్‌స్కీ, షా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అదే వాదాన్ని మరింత పదునుపెట్టి, తమ వ్యాసం పేరులోనే అదృష్టం అనే మాట వాడారు. శాస్త్ర పత్రికలో ఆ మాట చూసినప్పుడు నాకు నవ్వు వచ్చింది గాని, లెక్క వేసి చూసుకున్నాక అంతకన్నా సరైన మాట దొరకలేదు.

రెండో కారణం కేంద్రకాలు. బిందువు ఏ కణం మీద పుడుతుందో ఆ కణం పరిమాణం దాని భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. ఏ కణమూ లేకుండా, శుద్ధమైన ఆవిరి నుంచే బిందువు పుట్టాలంటే సాపేక్ష ఆర్ద్రత కొన్ని వందల శాతానికి చేరాలి, వాతావరణంలో అది జరగదు. 1880లలో జాన్ ఐట్కెన్ గాలిలోని ధూళిని వడకట్టి, ఆ గాలిలో పొగమంచు పట్టకపోవడాన్ని చూపించాడు. 1936లో హిల్డింగ్ కోలర్ ఉప్పు కణం కరిగిన బిందువు చుట్టూ ఆవిరి పీడనం ఎంత తగ్గుతుందో, బిందువు వక్రత వల్ల ఎంత పెరుగుతుందో ఒకే సమీకరణంలోకి తెచ్చాడు. సముద్రపు అలల తుంపర నుంచి ఎగసిన కొన్ని ఉప్పు కణాలు ఒక మైక్రాన్ దాటి, కొన్ని మైక్రాన్ల దాకా ఉంటాయి. అలాంటి కణం మీద పుట్టిన బిందువు మిగతావాటికన్నా ముందే పెద్దదిగా బయలుదేరుతుంది. ఒక లీటరు గాలిలో ఇలాంటివి బహు కొద్దిగానే ఉంటాయి, కాని పైన చెప్పినట్టు మనకు కావలసింది కొద్దే.

మూడోది మేఘం లోపలి అల్లకల్లోలం. సుడులు తిరిగే గాలి బిందువులను ఒకచోట గుంపుగా చేరుస్తుంది, ఒకే పరిమాణం గలవాటికి కూడా వేరువేరు వేగాలను ఇస్తుంది, ఆ విధంగా ఢీకొనే అవకాశాన్ని పెంచుతుంది. అమెరికాలోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో కృత్రిమంగా మేఘాన్ని తయారుచేసే ఒక గది ఉంది. కింద వేడి పలక, పైన చల్లని పలక పెట్టి, మధ్యలో గాలిని సుడులు తిప్పుతూ అందులో మేఘాన్ని గంటల తరబడి నిలబెట్టగలుగుతున్నారు. ఆ గది ఘనపరిమాణం 3.14 ఘనపు మీటర్లు కనుక దానికి పై ఛాంబర్ అని పేరు పెట్టుకున్నారు. అతిసంతృప్తత అన్నిచోట్లా ఒకేలా ఉండక హెచ్చుతగ్గులవుతున్నప్పుడు బిందువుల పరిమాణాల్లో వ్యత్యాసం పెరుగుతుందని అక్కడి ప్రయోగాలు చూపాయి.

5. హిమరేఖ

ఇంతసేపూ మంచు మాట ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మీరు చెబుతున్నది సున్నా డిగ్రీలకు పైనున్న వెచ్చని మేఘాల సంగతి. ఎత్తైన మేఘాలలో కథ వేరు.

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టి తీరుతుందని బడిలో నేర్చుకున్నాం గాని, మేఘబిందువులు ఆ నియమాన్ని పట్టించుకోవు. తగిన కణం తగలకపోతే అవి మైనస్ 38 డిగ్రీల దాకా కూడా ద్రవంగానే ఉండగలవు. ఇలాంటి అతిశీతల బిందువుల మధ్య ఒక్క మంచు స్ఫటికం పుడితే ఏమవుతుందో చూడండి. మైనస్ 15 డిగ్రీల వద్ద నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం 1.91 హెక్టోపాస్కల్, మంచు మీద 1.65 హెక్టోపాస్కల్. నీటి దృష్ట్యా సరిగ్గా సంతృప్తమైన గాలి, మంచు దృష్ట్యా 16 శాతం దాకా అతిసంతృప్తమై ఉంటుందన్నమాట. మసకవెన్నెల గారు తన బిందువుకు ఇచ్చిన 0.5 శాతంతో దీన్ని పోల్చి చూసుకుంటే, స్ఫటికం ఎంత వేగంగా పెరుగుతుందో ఊహించవచ్చు. స్ఫటికం పెరుగుతుంటే చుట్టూ ఉన్న బిందువులు ఆవిరైపోతూ దాన్ని పోషిస్తాయి.

ఈ సంగతి పట్టుబడిన తీరు నాకు చాలా ఇష్టం. 1922లో టోర్ బెర్గెరాన్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఓస్లో దగ్గరి ఒక కొండ మీద అడవిదారిలో నడిచేవాడు. ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్న రోజుల్లో పొగమంచు చెట్ల మధ్య నేల దాకా దిగేదని, సున్నాకు బాగా కింద ఉన్న రోజుల్లో చెట్ల నడుమ దారి తేటగా ఉండేదని అతను గమనించాడు. కొమ్మల మీద పేరుకున్న మంచు గాలిలోని ఆవిరిని లాగేసుకోవడంతో పొగమంచు బిందువులు ఆవిరైపోతున్నాయని గ్రహించి, మేఘంలోనూ ఇదే జరగాలని అనుకున్నాడు. ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1911లోనే ఈ ఊహను సూచించాడు. 1930ల చివర ఫిండైసెన్ దాన్ని ఇంకా విస్తరించాడు. ముగ్గురి పేర్లనూ కలిపి ఈ ప్రక్రియను పిలుస్తారు.

ఉష్ణమండలంలో తప్ప మిగతా భూభాగాల మీద పడే వానలో ఎక్కువ భాగం పైన మంచుగా మొదలై కిందికి వచ్చేసరికి కరిగినదే. కనుక తూనికరాయి గారి ఖాళీ సమస్య అన్ని మేఘాలకూ వర్తించదని నా మనవి.

6. తూనికరాయి

హిమరేఖ గారి సవరణను అంగీకరిస్తున్నాను. అయితే నేను చెప్పిన అరుదు సంగతి మంచు మేఘాల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర మంచును పుట్టించగల కణాలు లీటరు గాలికి సుమారు ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయి. అదే లీటరులో నీటి బిందువులు లక్ష. ఎడారి ధూళిలో ఉండే పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఈ పనిలో చాలా సమర్థమైనదని 2013లో తేలింది. సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా మైనస్ 2 డిగ్రీల దగ్గరే మంచును పుట్టించగలదు. అవి కొన్నే దొరికినా, వాటి నుంచి పుట్టిన స్ఫటికాలు మైనస్ 3 నుంచి మైనస్ 8 డిగ్రీల మధ్య అతిశీతల బిందువులను తాకి వాటిని తమ మీద గడ్డకట్టించుకుంటున్నప్పుడు చిన్న చిన్న మంచు తునకలు పుట్టి సంఖ్య పెరుగుతుందని 1974లో హాలెట్, మోసప్ ప్రయోగశాలలో చూపించారు. ఆ తునకలు సరిగ్గా ఎలా పుడుతున్నాయన్న దాని మీద మాత్రం వాదోపవాదాలు ఇంకా చల్లారలేదు.

7. ఎదురుప్రశ్న

ఇదంతా వినడానికి బాగానే ఉంది, కాని లక్షకు ఒక్క బిందువు అని చెబుతున్నప్పుడు ఆ ఒక్కదాన్ని ఎవరు చూశారు అన్న ప్రశ్న వేయక తప్పదు. మేఘంలోకి విమానం సెకనుకు వంద మీటర్ల వేగంతో దూసుకుపోతుంది, దాని రెక్క కింది పరికరం కొలిచే గాలి కొద్దిపాటిదే. అంత అరుదైన బిందువు దాని కంట పడకపోవచ్చు. కింద పడిన వాననే కొలిచి మేఘం లోపలి సంగతి చెప్పగలమా?

8. పిండిజల్లెడ

ఎదురుప్రశ్న గారి అనుమానం సబబైనదే. మేఘం లోపలి సంగతి నేను చెప్పలేను గాని, కింద పడిన చినుకులను కొలవడంలో నా చేతి అనుభవం ఒకటి పంచుకుంటాను.

మంచు స్ఫటికాల ఛాయాచిత్రాలకు పేరు పొందిన విల్సన్ బెంట్లీ 1904లో చినుకుల పరిమాణాలను కొలవడానికి పిండిని వాడాడు. లోతు తక్కువ పళ్ళెంలో మెత్తని పిండిని వేలెడు మందాన పరిచి, పైన మూత పెట్టి వానలోకి తీసుకువెళ్లి, మూడు నాలుగు సెకన్లు మూత తీసి మళ్లీ వేసేయాలి. చినుకు పడిన ప్రతిచోటా పిండి ఉండ కడుతుంది. దాన్ని ఎండబెట్టి జల్లెడ పడితే ఉండలు మిగులుతాయి. ఉండ పరిమాణానికీ చినుకు పరిమాణానికీ ఉన్న సంబంధాన్ని ముందుగా, తెలిసిన కొలత గల నీటి చుక్కలను వదిలి తెలుసుకోవాలి. ఈ దశను నేను మొదటిసారి బద్ధకించి వదిలేయడంతో ఆ రోజు కొలతలన్నీ పనికిరాకుండా పోయాయి. రెండో పొరపాటు, మూత ఎక్కువసేపు తీసి ఉంచడం. ఒక ఉండ మీద మరో చినుకు పడి, రెండూ అంటుకుపోయి, లేని పెద్ద చినుకు ఉన్నట్టు తోచింది.

మూడోసారి సరిగా చేశాక జల్లెడలో నేను చూసింది మాత్రం మరచిపోలేనిది. ఆవగింజ కన్నా చిన్న ఉండలు లెక్కలేనన్ని, పెద్దవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. ఆ పెద్దవాటిని వేరుగా తూచితే, సంఖ్యలో ఏ మూలకూ రానివి బరువులో మాత్రం చెప్పుకోదగినంత వాటా తీసుకున్నాయి. పైన తూనికరాయి గారు మేఘబిందువుల గురించి చెప్పిన మాటే కింద పళ్ళెంలోనూ కనబడింది.

ఇంకొక మాట. బొమ్మల్లో గీసినట్టు చినుకు పైన మొనదేలి ఉండదు. చిన్న చినుకు గుండ్రంగా ఉంటుంది, పెద్దది కింద గాలి ఒత్తిడికి అడుగు చదునై పడుతుంది, అయిదారు మిల్లీమీటర్ల వ్యాసం దాటేసరికి నిలవలేక చీలిపోతుంది.

9. రాడార్ కాపరి

పిండిజల్లెడ గారు చెప్పిన చదునైన అడుగు వల్లే నాలాంటి వారి పని కొంత సులువైంది. ఇప్పటి రాడార్లు అడ్డంగా, నిలువుగా రెండు రకాల తరంగాలను పంపుతాయి. చదునైన పెద్ద చినుకులు అడ్డపు తరంగాన్ని ఎక్కువగా తిప్పి పంపుతాయి కనుక, ఆ తేడాను బట్టి చినుకుల పరిమాణం అంచనా వేయవచ్చు. ఈ సదుపాయం లేని రోజుల్లో ఎంత పొరబడేవాళ్లమో చెబుతాను.

రాడార్‌కు తిరిగి వచ్చే ప్రతిధ్వని బలం చినుకు వ్యాసపు ఆరో ఘాతాన్ని అనుసరిస్తుంది. నీటి పరిమాణమైతే మూడో ఘాతాన్నే అనుసరిస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, ఒక మిల్లీమీటరు చినుకులు 4,096 కలిసి ఇచ్చేంత ప్రతిధ్వనిని ఇస్తుంది, కాని దానిలోని నీరు 64 చిన్న చినుకుల నీటికే సమానం. అందువల్ల తెర మీద ఎర్రగా కనిపించిన చోటల్లా వాన దంచి కొడుతోందని అనుకోవడానికి వీల్లేదు.

1948లో మార్షల్, పామర్ చినుకుల పరిమాణాల పంపిణీకి ఒక సరళమైన సూత్రం ఇచ్చారు. ఆ వరుసలో వచ్చిన ప్రసిద్ధ సంబంధం ప్రకారం ప్రతిధ్వని గుణకం, వాన తీవ్రతను 1.6 ఘాతానికి హెచ్చించి 200తో గుణిస్తే వచ్చే విలువకు సమానం. తెర మీద 40 డెసిబెల్ కనిపించిందనుకోండి, ఈ సూత్రం ప్రకారం గంటకు 11.5 మిల్లీమీటర్ల వాన. ఉష్ణమండలపు వానలకు వాడే మరో సంబంధంలో గుణకం 250, ఘాతం 1.2. అదే 40 డెసిబెల్‌కు ఇది గంటకు 21.6 మిల్లీమీటర్లు చెబుతుంది. రాడార్ కొలిచింది ఒక్కటే అయినా, చినుకుల గురించి మనం ముందుగా చేసుకున్న ఊహను బట్టి వాన దాదాపు రెట్టింపవుతోంది. వెచ్చని మేఘాల నుంచి పడే వానలో చిన్న చినుకులు విపరీతంగా ఉంటాయి. అవి రాడార్‌కు మసకగా కనిపిస్తూనే కుండపోతగా కురుస్తాయి. నా మొదటి ఏడాదిలో ఇలాంటి ఒక వానను నేను తేలికపాటి జల్లుగా రాసిపెట్టాను. మరునాడు వర్షమాపకం చూసినవారు ఏమన్నారో ఇక్కడ రాయను.

అంతరిక్షం నుంచి చూసే రాడార్లు కూడా వచ్చాయి. 1997 నవంబరులో ట్రిమ్, 2014లో జీపీఎం వానను కొలవడానికి, 2006లో క్లౌడ్‌శాట్ మేఘాలను నిలువునా కోసి చూపడానికి వెళ్లాయి. 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్ అనే ఉపగ్రహపు మేఘ రాడార్, మేఘకణాలు పైకి కిందికి కదిలే వేగాన్ని కూడా కొలుస్తుంది. ఎదురుప్రశ్న గారు అడిగిన ఆ ఒక్క బిందువును ఇవేవీ విడిగా చూడలేవు, కాని తుంపర మొదలైన క్షణాన్ని మాత్రం పట్టుకోగలవు.

10. వేదిక నిర్వాహకులు

చర్చ చాలా బాగా సాగుతోంది. వ్యాసార్థమా, వ్యాసమా అన్నది ప్రతిచోటా స్పష్టంగా రాయవలసిందిగా సభ్యులను కోరుతున్నాం. మేఘబిందువులను వ్యాసార్థంతోనూ, చినుకులను వ్యాసంతోనూ చెప్పడం ఈ రంగంలో అలవాటే అయినా, కొత్తవారికి అది ఘనపరిమాణంలో ఎనిమిది రెట్ల పొరపాటుగా పరిణమించవచ్చు.

11. చిరుజల్లు

నాదొక ప్రశ్న. కొద్దిపాటి కణాలే మొత్తం వానను నడిపిస్తున్నాయంటే, ఆ కణాలను మనమే చల్లితే సరిపోతుంది కదా? మేఘమథనం మీద ఇన్ని దశాబ్దాలు గడిచినా ఇంకా సందేహాలు ఎందుకు?

12. హిమరేఖ

చిరుజల్లు గారూ, ఆ ఆలోచనతోనే ఇదంతా మొదలైంది. 1946 జులైలో విన్సెంట్ షేఫర్ ఒక శీతల పెట్టెలో తన ఊపిరితో అతిశీతల మేఘాన్ని తయారు చేసి, దాన్ని ఇంకా చల్లబరచడానికి పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్క వేశాడు, క్షణంలో పెట్టె అంతా మంచు స్ఫటికాలతో మిలమిలలాడింది. అదే ఏడు నవంబరులో విమానం నుంచి నిజమైన మేఘం మీద పొడి మంచు చల్లి చూశాడు. బెర్నార్డ్ వొనెగట్, స్ఫటిక నిర్మాణంలో మంచును పోలిన సిల్వర్ అయోడైడ్ కూడా అదే పని చేస్తుందని కనిపెట్టాడు. అంటే మేఘాన్ని మార్చగలమా అన్న ప్రశ్నకు అప్పుడే జవాబు దొరికింది.

వానను పెంచగలమా అన్నది వేరే ప్రశ్న, చిక్కంతా దానిలోనే ఉంది. చల్లిన మేఘం నుంచి వాన పడితే, చల్లకపోయినా అది పడేదేమో ఎలా తెలుస్తుంది? ఒకే మేఘాన్ని రెండుసార్లు పరీక్షించలేం. ఇజ్రాయెల్‌లో 1960లలో చేసిన ప్రయోగం సుమారు 15 శాతం పెరుగుదల చూపిందని చాలాకాలం ఉదాహరణగా చెప్పేవారు. తరువాతి పునఃపరిశీలనలు దాన్ని ప్రశ్నించాయి, 2013 నుంచి 2020 వరకు అక్కడే జరిపిన కొత్త ప్రయోగంలో పెరుగుదల గణాంకపరంగా రుజువు కాలేదు. మరోవైపు 2017 జనవరిలో అమెరికాలోని ఐడాహో పర్వతాల మీద స్నోయీ అనే ప్రయోగంలో, విమానం సిల్వర్ అయోడైడ్ చల్లుతూ వంకరటింకరగా తిరిగిన దారి, కొద్ది నిమిషాల తరువాత రాడార్ తెర మీద అదే వంకర గీతగా మంచు రూపంలో కనబడింది. ప్రకృతి అలాంటి గీతలు గీయదు కనుక, చల్లడం వల్లే ఆ మంచు పుట్టిందనడానికి అది గట్టి ఆధారం. అయితే అది పర్వతాల మీది శీతాకాలపు మేఘం, దాని ఫలితాన్ని వేసవి క్యుములస్‌కు అతికించకూడదు.

13. తూనికరాయి

వెచ్చని మేఘాల విషయంలో పెద్ద ఉప్పు కణాలను చల్లుతారు. నేను నాలుగో సమాధానంలో చెప్పిన రెండో కారణాన్ని మనుషులు అనుకరించడమే అది. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2009లో మొదలుపెట్టిన కైపీక్స్ ప్రయోగాలలో విమానాలు మేఘాల్లోకి వెళ్లి బిందువుల పరిమాణాలను ఎత్తువారీగా కొలిచాయి. మేఘబిందువుల సంఖ్య పెరిగిన కొద్దీ, వాన మొదలుకావడానికి మేఘం ఇంకా ఎత్తుకు పెరగాల్సి వస్తోందని ఆ కొలతలు చూపాయి. బిందువుల ప్రభావ వ్యాసార్థం (పెద్ద బిందువులకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి తీసిన సగటు వ్యాసార్థం) 14 మైక్రాన్ల దాకా చేరితే తప్ప వెచ్చని వాన సాధారణంగా మొదలుకాదు. మసకవెన్నెల గారూ, మీ ఖాళీ ఎక్కడ మొదలవుతుందో విమానం కొలతలు కూడా అక్కడే వేలు చూపిస్తున్నాయి.

14. గడినమూనా

వాతావరణ నమూనాలు రాసే పనిలో ఉన్నాను, ఇంతవరకు చదివేవాడిగానే ఉన్నాను. సగటు బిందువు గురించిన చర్చ చూశాక మా వైపు బాధ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా నమూనాలో ఒక్కో గడి వెడల్పు, శీతోష్ణస్థితి అంచనాల్లో, వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ గడిలో ద్రవజలం ఎంత అని అడిగితే నమూనా ఒకే సంఖ్య చెబుతుంది. మేఘజలం చినుకుగా మారే వేగానికి చాలామంది వాడే ఒక సూత్రంలో ఆ వేగం, ద్రవజలాన్ని 2.47 ఘాతానికి హెచ్చించినదానికి అనులోమంగానూ, బిందువుల సంఖ్యను 1.79 ఘాతానికి హెచ్చించినదానికి విలోమంగానూ ఉంటుంది. గడి అంతటా నీరు సమానంగా పరచుకుందని లెక్క వేస్తే ఒక జవాబు వస్తుంది. నీరంతా సగం గడిలోనే ఉండి, రెండో సగం ఖాళీగా ఉంటే, నిండుగా ఉన్న సగంలో వేగం 5.5 రెట్లు, గడి మొత్తానికి సగటున 2.8 రెట్లు అవుతుంది. నీటి మొత్తం మారలేదు, దాని పంపిణీ మాత్రమే మారింది.

ఇలాంటి సగటులను అడ్డదిడ్డంగా సవరించుకుంటూ వచ్చిన ఫలితంగా, ప్రపంచ నమూనాలు వాస్తవం కన్నా ఎక్కువసార్లు, కాని మరీ తేలికగా, తుంపర కురిపిస్తాయన్న పేరు తెచ్చుకున్నాయి. ఏడాది మొత్తం వాన సరిపోతుంది, ఏ రోజు ఎంత పడిందన్నది సరిపోదు. గడిని ఒకటి రెండు కిలోమీటర్లకు కుదించే కొత్త నమూనాలలో నిట్టనిలువుగా ఎగసే గాలి కొంతవరకు నేరుగా కనిపిస్తుంది. బిందువులు ఢీకొనడం మాత్రం మైక్రాన్ల స్థాయి వ్యవహారం కనుక, ఎంత కుదించినా సూత్రం మీద ఆధారపడక తప్పదు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది, కాని ప్రపంచ సగటు వర్షపాతం 1 నుంచి 3 శాతమే పెరుగుతుందని 2021 నాటి ఐపీసీసీ (శీతోష్ణస్థితి మార్పుపై ఐక్యరాజ్యసమితి సంఘం) నివేదిక చెబుతోంది. ఈ రెండు అంకెల మధ్య తేడాను వానలు ఎలా పంచుకుంటాయో, ఏవి కుంభవృష్టులవుతాయో చెప్పాలంటే చినుకు పుట్టుక దగ్గరికే తిరిగి రావాలి.

15. మసకవెన్నెల

అందరికీ ధన్యవాదాలు. టెల్‌ఫర్డ్ మాట పట్టుకుని నా లెక్కను మళ్లీ వేశాను. తూనికరాయి గారి సముద్రపు మేఘాన్నే తీసుకున్నాను: లీటరుకు లక్ష బిందువులు, ఒక్కోటి 13.4 మైక్రాన్ల వ్యాసార్థం. ఒక బిందువుకు సగటున ఇరవై నిమిషాలకు ఒక ఢీ తగులుతుందని అనుకున్నాను. సగటు బిందువు ఆ ఇరవై నిమిషాలూ ఎదురుచూస్తుంది. కాని యాదృచ్ఛిక సంఘటనల గణితం ప్రకారం, మొదటి రెండు నిమిషాలలోనే సుమారు 9,500 బిందువులకు కనీసం ఒక ఢీ, 470 బిందువులకు రెండు, 15 బిందువులకు మూడు తగులుతాయి. మూడు ఢీలు తగిలిన బిందువు ఘనపరిమాణం నాలుగు రెట్లు, వ్యాసార్థం 1.59 రెట్లు, అంటే 21.3 మైక్రాన్లు. లీటరుకు పదిహేను బిందువులు రెండు నిమిషాలలో ఆ 20 మైక్రాన్ల గీతను దాటేశాయి!

16. తూనికరాయి

లెక్క చాలా ముచ్చటగా ఉంది, అయినా ఒక మెలిక చెప్పాలి. ఒకే పరిమాణం గల బిందువులన్నీ ఒకే వేగంతో పడతాయి కనుక, నిశ్చలమైన గాలిలో వాటికి ఢీకొనే అవకాశమే ఉండదు. మీ ఇరవై నిమిషాల సగటు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. పరిమాణాలలో కొంత వ్యత్యాసాన్ని ముందే ఇవ్వండి, లేదా అల్లకల్లోలాన్ని చేర్చండి. పైగా ఒక ఢీ తగిలిన బిందువుకు రెండో ఢీ తగిలే అవకాశం పెరుగుతుంది. మీరు దాన్ని మారకుండా ఉంచారు.

17. మసకవెన్నెల

నిజమే, ఆ రెండూ నేను వదిలేశాను. పరిమాణాలకు 10 నుంచి 16 మైక్రాన్ల మధ్య ఒక పంపిణీ ఇచ్చి, ప్రతి ఢీ తరువాత అవకాశాన్ని సవరించేలా ప్రోగ్రాం తిరగరాస్తున్నాను. 1,000 బిందువుల కలుషిత మేఘానికి కూడా ఇదే నడిపి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇదే చర్చలో చూపిస్తాను.

18. ఎదురుప్రశ్న

కలుషిత మేఘానిది ముందు పెట్టండి. నా అనుమానమంతా దాని మీదే.